రెండు బడులు కలిసి ఒక బొమ్మ

వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న రెండు బడుల పిల్లలు ఇంటర్నెట్ సాయంతో కలిసి ఒక బొమ్మ వేయాలంటే పెద్దలు ముందుగా ఏం ఆలోచించాలి, ఏ వరసలో ఆలోచించాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇందుకు అవకాశం మన చదువుల్లో ఇప్పటికే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2015 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి రోజున ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ ఆలోచనను ప్రకటించింది. ఆ పథకం కింద రాష్ట్రాలను జతలుగా కలిపారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ జత, తెలంగాణకు హరియాణా జత. సీబీఎస్ఈ 2020-21 విద్యాసంవత్సరం నుంచి ఒకటో తరగతి మొదలు పదో తరగతి దాకా కళతో ముడిపడిన ప్రాజెక్టు పనిని తప్పనిసరి చేసి, అందులో జత రాష్ట్రం కళకు కూడా చోటివ్వమని చెప్పింది. మంచి నిర్ణయమే. కానీ ఈ పనిని మొక్కుబడిగా కూడా ముగించేయవచ్చు. పంజాబ్ ఫుల్కారీ కుట్టుపనిని ఫోనులో వెతికి, చార్టు మీద దించి, కింద నాలుగు వాక్యాలు రాస్తే ప్రాజెక్టు అయిపోతుంది. పంజాబ్‌లో ఒక్క విద్యార్థితోనైనా మాట కలపకుండానే మార్కులు పడిపోతాయి. ఇంకాస్త శ్రద్ధ ఉన్నచోట రెండు బడులూ విడివిడిగా బొమ్మలు వేసి, ఒక రోజు వీడియో కాల్‌లో ఒకరికొకరు చూపించుకుంటాయి. అది రెండు ప్రదర్శనలను ఒకేసారి జరపడం అవుతుంది. కలిసి పనిచేయడం ఇంకా మొదలు కానట్టే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇలాంటి పనికి ప్రణాళిక వేసేటప్పుడు ఏ యాప్ వాడాలి, వీడియో కాల్ ఎన్ని గంటలకు పెట్టుకోవాలి అన్నవి తర్వాత వచ్చే ప్రశ్నలు. మొదటి ప్రశ్న ఇది: అవతలి బడి పిల్లలు తమ వంతు చేయకపోతే మన పిల్లల పనిలో ఏది ఆగిపోతుంది? ఏదీ ఆగదు అన్న జవాబు వస్తే ఆ ప్రణాళికను పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి ఆలోచించాలి. ఒకరి చేతిలోని పని రెండోవారి చేతికి వెళ్ళి తీరవలసిన చోటు ఒకటి ఉండాలి. ఆ చోటును అతుకు అందాం. అతుకును ముందు నిర్ణయించుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ దాని వెనకే వస్తాయి. అతుకు లేకపోతే ఎంత ఖరీదైన కంప్యూటర్లు ఉన్నా ఆ పిల్లలు ఒకరికొకరు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు.

దూరంగా ఉన్నవాళ్ళు కలిసి ఒక రచన చేయడం మన సాహిత్యానికి కొత్త కాదు. ఆంధ్ర మహాభారతమే అందుకు పెద్ద సాక్ష్యం. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్య పర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని అలాగే ఉంచి, విరాట పర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్యలో మిగిలిన ఖాళీని పూరించాడు. ముగ్గురిలో ఏ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నవాళ్ళు కారు. ఎర్రన తన భాగాన్ని తన పేర చెప్పుకోకుండా నన్నయ పేర, రాజరాజనరేంద్రుడికి చెబుతున్నట్టే నడిపించాడు. మొదట్లో నన్నయ ధోరణిని అందుకుని, పోనుపోను తిక్కన ధోరణికి దగ్గరవుతాడని విమర్శకులు చెబుతారు. ఇక్కడ మనకు పనికొచ్చే పాఠం స్పష్టంగా ఉంది. ముందువాడు వదిలిన చోటు ఎక్కడో, తర్వాతివాడు అందుకున్న చోటు ఎక్కడో క్షుణ్ణంగా చదివినవాడే ఆ రెంటినీ కలపగలిగాడు. అతుకు దగ్గర పెట్టిన శ్రద్ధ వల్లే మూడు శతాబ్దాల పని ఒక గ్రంథంగా నిలిచింది.

చిత్రకళలోనూ ఇదే కనిపిస్తుంది. తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఆరాక దాని మీద పటం వేస్తారు. ఆ పటాన్ని వేయించుకునేది కథ చెప్పే కళాకారులు. వాళ్ళు ఊరూరా తిరిగి, ఒక్కొక్క గడినీ చూపిస్తూ కులపురాణాలు చెబుతారు. బొమ్మ వేసేవారు ఒకరు, కథ నడిపేవారు ఇంకొకరు. గళ్ళ వరస ఇద్దరికీ తెలిస్తేనే ప్రదర్శన సాగుతుంది. ఇక ఐరోపాలో 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టు కళాకారులు ఒక ఆట ఆడేవారు. ఒకరు తల గీసి కాగితం మడిచేస్తారు. మడత దాటి కొద్దిగా కనిపించే గీత కొసలను పట్టుకుని రెండోవారు మొండెం గీస్తారు, మూడోవారు కాళ్ళు గీస్తారు. ముందువారు ఏం గీశారో తెలియకపోయినా బొమ్మ ఒకటిగా నిలవడానికి కారణం మడత దగ్గర వదిలిన ఆ గీత కొసలే. ఈ ఆటను ఇప్పుడు ఏ బడిలోనైనా ఒక పీరియడ్‌లో ఆడించవచ్చు.

మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడా ఇందుకు తగినట్టే ఉంది. ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత తాడు లాగించి, గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని చూపించాడు. ఆ ఫలితాలు 1913లో వెలువడ్డాయి. 1979లో అమెరికాలో మనస్తత్వవేత్త బిబ్ లటానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో పరీక్షించినా అదే తేలింది. ఎవరి పని ఎంతో విడిగా తెలిసే ఏర్పాటు చేసినప్పుడు మాత్రం ఈ అలసత్వం తగ్గుతుందని ఆ తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, నల్ల, తెల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలు మొదటిసారి ఒకే తరగతిలో చేరి గొడవలు పడుతున్నప్పుడు, మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో పిల్లవాడికే ఇచ్చింది. పక్కవాడు చెప్పింది వినకపోతే పాఠం పూర్తికాదు. అవసరం పడ్డాక వినడం అలవాటైంది, విన్నాక గౌరవం పెరిగింది. అంతకుముందే 1954లో మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, వేర్వేరు వర్గాలవాళ్ళ మధ్య దురభిప్రాయాలు తగ్గాలంటే ఊరికే కలవడం చాలదని రాశాడు. సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పైవారి మద్దతు కావాలన్నాడు. వీడియో కాల్‌లో చేతులూపి నమస్కారం చెప్పుకోవడం ఊరికే కలవడం కిందికే వస్తుంది.

ఇప్పుడు ఒక ప్రణాళికను దగ్గరగా చూద్దాం. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతి, హరియాణాలో ఒక ప్రభుత్వ బడి ఎనిమిదో తరగతి అనుకుందాం. మన ఆడపిల్లలు భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలుపెట్టి సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ పేరుస్తారు. హరియాణా పల్లెల్లో ఆడపిల్లలు దసరా నవరాత్రుల్లో సాంఝీ చేస్తారు. మట్టితో చుక్కలు, ముఖం, నగలు చేసి ఆరబెట్టి, రంగులద్ది, పేడతో గోడకు అతికించి అమ్మవారి రూపం నిలుపుతారు. రోజూ సాయంత్రం ఆమె ముందు పాటలు పాడతారు. దసరాకు ఆ ముఖాన్ని తీసి, చిల్లులున్న కుండలో దీపంతో పాటు ఉంచి చెరువులో వదులుతారు. మన బతుకమ్మ కూడా చెరువుకే పోతుంది. రెండూ ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో బతికే కళలు. రెండూ చుట్టుపక్కల దొరికే వస్తువులతో తయారై, పాటతో కలిసి నడిచి, నీళ్ళలో ముగుస్తాయి. జత రాష్ట్రాల జాబితా వేసినవాళ్ళు దీన్ని ఆలోచించి వేసి ఉండకపోవచ్చు. ఆ జతకు అర్థం ఇవ్వగల విషయం మాత్రం ఇక్కడ సిద్ధంగా ఉంది.

ఈ రెంటితో తొమ్మిది గళ్ళ పటం వేయాలి. పండుగలో ఒక్కో రోజుకు ఒక గడి. ప్రతి గడిలోనూ ఎడమవైపు బతుకమ్మ, కుడివైపు సాంఝీ. అతుకు ఎక్కడంటే, బతుకమ్మ గీతలు హరియాణా పిల్లలు గీయాలి, వాటికి రంగులు మన పిల్లలు వేయాలి. సాంఝీ గీతలు మన పిల్లలు గీయాలి, రంగులు వాళ్ళు వేయాలి. తాను ఎన్నడూ చూడనిదాన్ని గీయాలంటే అడగక తప్పదు. తాంబాలం మీద అడుగున ఏ ఆకు పరుస్తారు? గునుగు పూలకు రంగు ఎలా అద్దుతారు? తంగేడు ఏ వరసలో వస్తుంది? శిఖరాన పసుపు గౌరమ్మను ఎలా నిలుపుతారు? ఈ ప్రశ్నలు హరియాణా నుంచి వస్తే, జవాబు కోసం మన పిల్లలు అమ్మమ్మ దగ్గరికో నాయనమ్మ దగ్గరికో వెళ్ళి, రోజూ చూసే బతుకమ్మను మొదటిసారి నిదానంగా చూస్తారు. గీతలు తప్పుగా వస్తే ఎలా అని కొందరు ఉపాధ్యాయులు అడగవచ్చు. తప్పక వస్తాయి. అందుకే గీతలకూ రంగులకూ మధ్య దిద్దుబాటు కోసం ఒక వారం ఉంచాలి. పూల వరసలు చదునుగా వచ్చాయని, పైకి పోయేకొద్దీ సన్నబడాలని మన పిల్లలు రాసి పంపితే, అవతలివాళ్ళు మళ్ళీ గీస్తారు. ఈ ప్రాజెక్టులో చదువు ఎక్కువగా జరిగేది ఆ వారంలోనే.

గళ్ళు ఒకదానికొకటి కలవడానికి కూడా ఒక నియమం పెట్టుకోవాలి. అన్ని కాగితాలూ ఏ4 సైజు, అడ్డంగా. రెండు కళలూ చెరువుకే చేరుతాయి కనుక పటం పొడవునా కింద ఒక నీటి గీత పారాలి. ప్రతి కాగితం కుడి, ఎడమ అంచుల్లో కింద నుంచి సరిగ్గా 4 సెంటీమీటర్ల ఎత్తున ఆ గీత అంచును తాకాలి. మధ్యలో అలలు ఎలా వేసుకున్నా వాళ్ళ ఇష్టం. ఈ చిన్న కొలత పాటిస్తే ఎక్కడెక్కడో గీసిన కాగితాలన్నీ పక్కపక్కన పెట్టగానే ఒకే పటమవుతాయి. ఫోటో తీయడానికీ పద్ధతి ఉండాలి. ఎండ నేరుగా పడకుండా, పగటి వెలుతురు ఉన్న నీడలో కాగితాన్ని నేల మీద పరిచి, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకోవాలి. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెడితే రెండు చోట్లా తెలుపు ఒకేలా సరిచేసుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే తగ్గదు. గడి సంఖ్య, బడి పేరులో మొదటి అక్షరం, దశ, ఈ మూడింటితో ఫైలుకు పేరు పెట్టుకుంటే ఏ బొమ్మ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

మొత్తానికి ఎనిమిది వారాలు చాలు. అందులో దసరా సెలవులు పడతాయి. వాటిని అడ్డంకిగా చూడకుండా పనిలోకి తెచ్చుకోవాలి. మొదటి వారం పరిచయాలు, రెండో వారం ప్రశ్నలు రాసి పంపడం. మూడు, నాలుగు వారాల్లో తెలంగాణలో సెలవులు. పిల్లలు ఇంటి దగ్గరే చూసి, అడిగి, చేతులు, పూలు, గోడలు ఫోటో తీసి జవాబులు పోగుచేస్తారు. ఐదో వారం గీతలు, ఆరో వారం దిద్దుబాటు, ఏడో వారం రంగులు. ఎనిమిదో వారం పటాన్ని అతికించి, రెండు ఊళ్ళలోనూ ఒకే రోజు బడి ఆవరణలో ఊరివాళ్ళకు చూపించాలి. ప్రతి గడికీ రెండు వైపులా ఇద్దరేసి పిల్లల పేర్లు ముందే రాసి పెట్టాలి. రింగెల్‌మన్ తాడు చెప్పిన పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఎవరి గీత ఎవరిదో తెలిసినప్పుడే ఎవరూ వెనక నిలబడిపోరు. పిల్లల కంటే నెల ముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఒక నమూనా గడిని తామే మొదటినుంచి చివరిదాకా వేసి చూసుకోవాలి. ఎక్కడ పని చిక్కుబడుతుందో ఆ ఒక్క గడితోనే బయటపడుతుంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది సౌకర్యాల గురించి. కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లు ఉన్న బడులు దాదాపు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి దాదాపు 54 శాతం. కాబట్టి ఈ పని అందరికీ సాధ్యం కాదన్న మాటలో నిజముంది. అందుకే పైన చెప్పిన ప్రణాళికలో పిల్లలు ఒకేసారి తెర ముందు కూర్చోవాల్సిన అవసరం లేదు. ఉపాధ్యాయుడి ఫోను ఒకటి, మండల కేంద్రంలో జిరాక్సు షాపు ఒకటి ఉంటే చాలు. అవతలినుంచి వచ్చిన గీతలను అక్కడ లేతగా ప్రింటు తీయించి పిల్లలకు ఇవ్వవచ్చు. పైగా పల్లెల్లో ఫోను లేకపోవడం కంటే దాన్ని దేనికి వాడుతున్నామన్నదే ఇప్పుడు పెద్ద ప్రశ్న. గ్రామీణ పిల్లల చదువుపై జరిపే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది. దాన్ని వాడటం తెలిసిన పిల్లల్లో సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్ళు 76 శాతం. చేతిలో ఉన్న ఫోనుకు ఒక మంచి పని చూపించడం కూడా బడి బాధ్యతే.

రెండో అభ్యంతరం భాష. మనవాళ్ళది తెలుగు, వాళ్ళది హర్యాణ్వీ, హిందీ. బడిలో హిందీ ఉపాధ్యాయులు ఉంటారు, కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి వంటి అనువాద సాధనాలు కూడా ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, బొమ్మల పనిలో సగం మాట గీతతోనే నడుస్తుంది. తప్పు గీసిన చోట చుట్టూ గీసి, పక్కన సరైన బొమ్మ వేసి పంపితే వ్యాకరణం అడ్డురాదు. హిందీ బాగా వచ్చిన ఒకరిద్దరి చేతుల్లోకే పని వెళ్ళిపోకుండా మాత్రం చూసుకోవాలి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే ప్రైవేటు బడితో ప్రభుత్వ బడిని జత చేసినప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒకరు చెప్పేవారు, మరొకరు చేసేవారు అయిపోతే ఆల్‌పోర్ట్ చెప్పిన సమాన హోదా ఉండదు. గీతలూ రంగులూ రెండు వైపులా సమానంగా పంచడం వెనక ఉద్దేశం అదే.

మూడో అభ్యంతరం కళాకారుల నుంచి వస్తుంది. కళను చేతితో తాకి, కళ్ళారా చూసి నేర్చుకోవాలని, తెర మీద పూల వాసన, మట్టి తడి తెలియవని వాళ్ళంటారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఈ ప్రణాళికలో తెర పని బొమ్మను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడంతో ఆగిపోతుంది. గీయడం, రంగు వేయడం, పువ్వు తాకడం, మట్టి పిసకడం అన్నీ చేతులతోనే జరుగుతాయి. కృత్రిమ మేధతో క్షణంలో బొమ్మ వస్తున్నప్పుడు ఇంత శ్రమ ఎందుకని పిల్లలే అడగవచ్చు. వాళ్ళకు సూటిగా జవాబు చెప్పాలి. బొమ్మ మనకు కావలసిన వాటిలో ఒకటి. ఎవరినో అడిగి, విని, తప్పు దిద్దుకుని ఆ బొమ్మకు చేరుకోవడం రెండోది. యంత్రం మొదటిదాన్ని ఇస్తుంది, రెండోదాన్ని పిల్లలే సంపాదించుకోవాలి.

పండుగను విషయంగా తీసుకుంటే వేరే మతాల పిల్లలు దూరమవుతారేమో అన్న ఆందోళన సరైనదే. అందుకే విషయాన్ని ఉపాధ్యాయుడు ఒక్కడే తేల్చకుండా తరగతిలో అందరితో మాట్లాడి నిర్ణయించాలి. ఊరి చెరువు, ఇంటి గడప, వంటపాత్రలు, పొలం పనిముట్లు కూడా ఇంతే బాగా కుదురుతాయి. విషయం ఏదైనా ఇక్కడ చెప్పిన అతుకు పద్ధతి మారదు. పరీక్షల కాలంలో ఎనిమిది వారాలు ఎక్కడినుంచి తేవాలన్నది ఇంకో ప్రశ్న. వారానికి రెండు పీరియడ్లు చాలు. ఆ రెండూ కళ పీరియడ్లే కానక్కర్లేదు. ప్రశ్నలు రాయడం భాషా పాఠం అవుతుంది, అంచుల కొలతలు లెక్కల పాఠం, రెండు ఊళ్ళ వానలు, పూలు, మట్టి సాంఘిక శాస్త్రం అవుతాయి.

పిల్లల భద్రత గురించి మాత్రం రాజీ పడకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగా పరిగణిస్తుంది. వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. కాబట్టి పిల్లల ఫోను నంబర్లు ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. పంపడం, అందుకోవడం ఇద్దరు ఉపాధ్యాయుల మధ్యే జరగాలి. ముఖాల ఫోటోలకు బదులు చేతులు, బొమ్మలు చూపితే సరిపోతుంది. ఏం చేస్తున్నామో తల్లిదండ్రులకు తెలుగులో, ఒక పేజీలో రాసిచ్చి సంతకం తీసుకోవాలి. ఇక పటం ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరి వాటా ఎంతో విడదీయలేని విధంగా ఇద్దరు కలిసి చేసిన రచనకు ఇద్దరూ కర్తలే. తాను చేసిన పనికి తన పేరు ఉండాలని కోరే హక్కు కూడా కర్తకు ఉంది. అందువల్ల పటం మీద గీసినవారి పేరు, రంగు వేసినవారి పేరు రెండూ ఉండాలి. పటాన్ని ఎక్కడైనా అచ్చు వేయాలన్నా, పోటీకి పంపాలన్నా రెండు బడులనూ అడగాలి. ఈ మాటలు ముందే రాసుకుంటే చివర్లో మనస్పర్థలు రావు.

ఇదంతా కొత్త ప్రయోగం కాదు. ఐఎర్న్ అనే సంస్థ 1988లోనే న్యూయార్క్, మాస్కో బడులను కంప్యూటర్లతో కలిపి పని మొదలుపెట్టింది. ఐరోపాలో ఈట్విన్నింగ్ అనే కార్యక్రమం 2005 నుంచి బడులను జతపరుస్తోంది. ఆ దేశాల బడులు ఒకరినొకరు కలుసుకోవడానికి సరిహద్దులు దాటాలి. మనం దాటాల్సింది ఒకే దేశంలోని రెండు భాషల మధ్య దూరం, అంతే. జతలు వేసి ఉన్నాయి, పండుగలు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. కళా ఉపాధ్యాయుడు లేని బడిలోనైనా ఆసక్తి ఉన్న ఉపాధ్యాయుడు ఒకరు తప్పక ఉంటారు. అలాంటి ఉపాధ్యాయులకు, వాళ్ళకు అండగా నిలవాల్సిన ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఇది. ఈ ఏడాది దసరాకు రెండు నెలల ముందే జత రాష్ట్రంలో ఒక బడిని వెతుక్కోండి. తొమ్మిది గళ్ళు ఎక్కువనిపిస్తే మూడింటితో మొదలుపెట్టండి. మొదటి ఉత్తరంలోనే, మా పిల్లలు మీ పిల్లల చేతిపని కోసం ఎదురుచూసేలా ఈ పనిని ఎలా పంచుకుందాం అని అడగండి. ఆ ప్రశ్నకు ఇద్దరూ కలిసి జవాబు రాసుకున్నాకే పిల్లల చేతికి పెన్సిలు ఇవ్వండి.